సర్వీసు మరునాడు ఆయిలు ముల్లు పడిపోయినచో



సాంస్కృతిక సంఘము వారి సభలో కవిత్వమును గూర్చియో, సంగీతమును గూర్చియో ఉపన్యాసములు వినుట వాడుక. నేటి ముచ్చట ఇంజను ఆయిలును గూర్చినది. అందుకొక కారణము కలదు. దసరాకు గాని, సంక్రాంతికి గాని సొంత కారులో ఢిల్లీనుండి స్వస్థలమునకు ప్రయాణము కట్టు తెలుగు కుటుంబములు నేడు తక్కువ కావు. మథుర, ఆగ్రా, గ్వాలియరు, ఝాన్సీ, నాగపురముల మీదుగా హైదరాబాదు చేరు 44వ జాతీయ రహదారి వారికి ఇంటి వీధి వలె పరిచితము. దూరప్రయాణమనగానే ముందుగా చేయించు పని బండికి సర్వీసు. ఆ సర్వీసే ఒక్కొక్కప్పుడు ప్రయాణమునకు అడ్డుగా నిలుచును.

ఒక సందర్భము నూహింపుడు. రామకృష్ణపురము క్వార్టర్సులో నివసించు ఒక సెక్షను ఆఫీసరు శనివారమునాడు తన పెట్రోలు కారుకు సర్వీసు చేయించినాడు. ఆయిలు మార్చిరి, ఫిల్టరు మార్చిరి, బిల్లు చేతికిచ్చిరి. ఆదివారము తెల్లవారుజామున నాలుగున్నరకు భార్యయు, ఇద్దరు పిల్లలును, అత్తగారును, పులిహోర పొట్లములును కారెక్కినవి. బదర్‌పూరు దాటి, ఫరీదాబాదు దాటి, పల్వల్ సమీపించుచుండగా ముందరి ఫలకముమీద ఎఱ్ఱని నూనెకుప్పె గుర్తు ఒకసారి వెలిగి ఆరినది. మరల వెలిగినది.

“ఏమండీ, ఆ ఎర్ర లైటేమిటి?”

“ఏమీ లేదులే. నిన్ననేగా సర్వీసు చేయించాము. వైరేదో వదులయి వుంటుంది.”

నేటి ప్రసంగమంతయు ఈ సమాధానమును గూర్చియే. అది అసత్యమని చెప్పుటకు వీలులేదు. సర్వీసులో ఫిల్టరు విప్పునపుడు దానిప్రక్కనే యున్న పీడన స్విచ్చి తీగె కదలుట సామాన్యమే. కాని ఆ పెద్దమనిషి తెలిసి చెప్పినది కాదు. మనసు కోరినదానిని నాలుక పలికినది. “నిన్ననే సర్వీసు అయినది, కావున ఇంజనులో లోపముండదు” అని ఆయన తర్కము. నిజమునకు తర్కము దీనికి తలక్రిందులుగా నడువవలెను. నిన్న లేని లోపము నేడు కనబడినచో, నడుమ చేయిపడిన చోటునే మొదట వెదకవలెను. కార్యాలయములో ఫైలు తారుమారైనపుడు చివరి నోటింగునుండి వెనుకకు చదువుదురే కాని, మొదటి పుటనుండి కాదు గదా.

ఈ పొరపాటు సామాన్యులకే పరిమితమైనది కాదు. 1983 మే 5వ తేదీన అమెరికాలో ఈస్టరన్ ఎయిర్‌లైన్స్ వారి మూడు ఇంజనుల జెట్ విమానమొకటి 172 మందితో మయామీనుండి నసావుకు బయలుదేరినది. దారిలో నడిమి ఇంజను ఆయిలు పీడనము పడిపోయినట్లు గేజి చూపినది. చోదకులు నియమానుసారము ఆ ఇంజనును ఆపి, మయామీకి వెనుదిరిగిరి. ఇంతలో తక్కిన రెండు ఇంజనుల గేజీలును అదే మాట చెప్పినవి. మూడు ఇంజనులు ఒకేసారి ఆయిలు కోల్పోవుట సంభవమా? అది గేజీల దోషమేయని వారు భావించిరి. అట్లు భావించుట అవివేకమనియు చెప్పలేము. లెక్కప్రకారము అట్టి యాదృచ్ఛికము జరుగరానిది. కాని అది యాదృచ్ఛికము కాదు. ముందటి రాత్రి సాధారణ సర్వీసులో ఆయిలులోని లోహపు రేణువులను పట్టు అయస్కాంతపు బిరడాలను మూడు ఇంజనులకును మార్చియుండిరి. మూడింటిలోను రబ్బరు రింగులు వేయలేదు. బిగించిన పిమ్మట ఇంజనులను కొద్ది క్షణములు మాత్రమే త్రిప్పి చూచిరి. ఆ కొద్దిపాటిలో కారుట బయటపడలేదు. ఆకాశములో ఆయిలంతయు ఆ సందులగుండా కారిపోయినది. రెండు ఇంజనులును ఒకదానివెంట ఒకటి ఆగిపోయినవి. సముద్రముమీదికి విమానము దిగజారుచుండగా, ముందు ఆపివైచిన నడిమి ఇంజనునే తిరిగి నడిపించి, దానితోడనే మయామీలో దించిరి. ఒక్కరికిని గాయము తగులలేదు. ఆయిలు ఇంకను కొంత మిగిలియుండగానే ఆపివేయబడిన ఇంజనే చివరకు వారిని కాపాడినదన్నమాట గమనింపదగినది.

దీనికెదురుగా ఢిల్లీవారికి తెలిసిన మరియొక ఉదంతము కలదు. 2024 మే 29వ తేదీన నగరమున వాయవ్యదిశనున్న ముంగేశ్‌పురపు స్వయంచాలక వాతావరణ కేంద్రము 52.9 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రత నమోదుచేసినది. దేశమంతయు నివ్వెరపోయినది. వాతావరణ శాఖవారు ఆ యంత్రముప్రక్కనే ప్రమాణ పరికరమునుంచి సరిచూచి, అక్కడి సెన్సరు 3 డిగ్రీలు హెచ్చుగా చూపుచున్నదని తేల్చిరి. ఇక్కడ తప్పు నిజముగా పరికరముదే. అయినను, “ఢిల్లీలో ఇంత ఎండయా, అసంభవము” అని త్రోసివేసి తేల్చినది కాదు. రెండవ పరికరముతో సరిచూచి తేల్చినది. మయామీ విమానములో గేజి సత్యము పలికినది, మనుష్యులు నమ్మలేదు. ముంగేశ్‌పురములో గేజి అసత్యము పలికినది, మనుష్యులు పరీక్షించిరి. కారు ముందరి దీపము ఈ రెండింటిలో ఏ కోవకు చెందినదో కూర్చున్న చోటినుండి చెప్పగల మొనగాడు లేడు.

ఇక ఆ దీపము కొలుచునదేమో కొంచెము తెలిసికొనవలెను.

ఇంజను అడుగున సంపు అను తొట్టిలో ఆయిలుండును. జల్లెడగుండా దానిని పంపు పీల్చి, ఫిల్టరు మీదుగా ఇంజను లోపలి కాలువలలోనికి నెట్టును. అక్కడినుండి క్రాంకు షాఫ్టు బేరింగులకును, కనెక్టింగు రాడ్లకును, క్యాము షాఫ్టునకును ప్రవహించి, తిరిగి తొట్టిలో పడును. పంపు పీడనమును పుట్టించునని లోకవాడుక. సూక్ష్మముగా చూచిన, పంపు పుట్టించునది ప్రవాహమును మాత్రమే. ఆ ప్రవాహమునకు ఎదురగు ఇరుకుదనము పీడనమును పుట్టించును. పెరటి కుళాయి గొట్టము మూతికి వ్రేలు అడ్డుపెట్టినపుడు నీరు దూరముగా చిమ్ముట లేదా? బేరింగునకును షాఫ్టునకును నడుమ నుండు సందు మిల్లీమీటరులో నూరింట కొద్ది పాళ్లు మాత్రమే. ఆ సందే ఇక్కడ వ్రేలు. కావున పీడనము తగ్గుటకు ముఖ్యముగా మూడే దారులు: ప్రవాహము తగ్గవలెను, లేదా ఆయిలు పలుచబడవలెను, లేదా సందు పెరుగవలెను. నాలుగవది, కొలుచు పరికరము తప్పు చెప్పుట.

ఆ సన్నని సందులో ఆయిలు పొర ఎంత బలము వహించునో మొదట కనుగొన్నది రైలు ఇరుసులమీది ప్రయోగములలోనే. 1880 దశకము తొలినాళ్లలో ఇంగ్లండున బోషాం టవర్ అను ఇంజనీరు తిరుగుచున్న ఇరుసుమీది బేరింగునకు పైన రంధ్రము చేసి, దానికి బిరడా బిగించెను. బిరడా ఎగిరిపడినది. కొయ్య మేకు దిగగొట్టెను, అదియు నిలువలేదు. గేజి తగిలించి చూడగా, చదరపు అంగుళమునకు 200 పౌండ్ల వరకు కొలువగల గేజియు చాలక పోయినది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ ఇందలి గణితమును విప్పి చెప్పెను. తిరుగు ఇరుసు తానే ఆయిలును ఇరుకులోనికి ఈడ్చుకొని, ఆ పొరమీద తేలును. లోహము లోహమును తాకదు. పంపు పని ఆ పొరకు ఎడతెగక ఆయిలు అందించుట. అందింపు ఆగినచో పొర చిరుగును. కొద్ది నిమిషములలోనే, ఒక్కొక్కప్పుడు అంతకన్న ముందే, మెత్తని బేరింగు లోహము కరిగి షాఫ్టునకు పట్టుకొనును. అటుపిమ్మట ఇంజనును విప్పి షాఫ్టు సానపట్టించుట తప్పదు, లేదా క్రొత్త ఇంజను కొనుట తప్పదు. కేంద్రోద్యోగులకు పూర్వముండిన మోటారు కారు అడ్వాన్సు 7వ వేతన సంఘపు సిఫార్సుల పిమ్మట రద్దయినదని ఈ సభవారికి గుర్తుచేయనక్కరలేదు. ఆ ఖర్చు జి.పి.ఎఫ్.నుండియో, పిల్లల చదువుకై దాచినదానినుండియో రావలసినదే.

పాత బండ్లలో ఈ పీడనమును ముల్లు గల గేజి చూపెడిది. విల్లీస్ జీపు ఫలకముమీద వేగము, ఇంధనము, ఆయిలు పీడనము, నీటి వేడిమి, విద్యుత్తు అని అయిదు గేజీలుండెడివి. చూపుగల డ్రైవరు వారమువారమునకు ముల్లు కొంచెము కొంచెముగా దిగుటను కనిపెట్టెడివాడు. నేటి చిన్న కార్లలో చాలవరకు మిగిలినది ఒక్క ఎఱ్ఱదీపమే. ఇది మేలుకొలుపు దీపము కాదు, ఆఖరి గంట. సామాన్యముగా దాని స్విచ్చి చదరపు అంగుళమునకు 5 నుండి 7 పౌండ్ల వద్ద, అనగా సుమారు 0.3 నుండి 0.5 బార్ వద్ద, దీపమును వెలిగించును. వేడెక్కిన ఇంజను నిలకడగా తిరుగునపుడు ఒక బార్ ప్రాంతమునను, దారిలో పరుగెత్తునపుడు రెండు మొదలు నాలుగు బార్ వరకును ఉండుట పెక్కు బండ్లకు వాడుక; సరియైన అంకె ఆయా తయారీదారుల పుస్తకములో ఉండును. కావున పరుగుమీద ఆ దీపము వెలిగినదనగా, ఉండవలసినదానిలో కొద్ది భాగమే మిగిలినదన్నమాట. “కొంచెము తగ్గినట్లున్నది” అనుకొనుటకు వీలులేదు. సర్వీసు గడువును గుర్తుచేయు పసుపుపచ్చని రెంచి గుర్తు వేరు, ఈ ఎఱ్ఱ కుప్పె వేరు; రెంటిని ఒకటిగా తలచి ఇంజను పోగొట్టుకొన్నవారు కలరు.

దీపము వెలిగినపుడు చేయవలసిన మొదటి పని వాదన కాదు. దారి అంచునకు చేర్చి బండి నిలిపి, ఇంజను ఆపుట. పరుగులోనే తాళము త్రిప్పరాదు. ఇంజను ఆగగానే స్టీరింగు బరువెక్కును, బ్రేకు గట్టిపడును. ముందు ఒడ్డు చేరవలెను. జాతీయ రహదారిమీద సాయమునకు 1033 అను నంబరు కలదు. “ఈ నాలుగు మైళ్లు పోయినచో వర్క్‌షాపు వచ్చును” అనుకొనుటయే అన్నిటికంటె ఖరీదైన ఆలోచన.

ఇంజను ఆపిన పిమ్మట భయములేదు, తీరికగా విచారింపవచ్చును. అయిదు పది నిమిషములు ఆగి, చదునైన నేలమీద డిప్‌స్టిక్కు తీసి, తుడిచి, తిరిగి ముంచి చూడవలెను. సర్వీసు పిమ్మటి లోపములలో పెక్కు ఈ ఒక్క పుల్లతోనే బయటపడును. పాత ఆయిలు దింపి క్రొత్తది పోయుట మరచినవారు లేకపోలేదు. నాలుగు లీటర్లు పోయవలసినచోట మూడే పోయుట అంతకన్న సామాన్యము. ఫిల్టరులో నిండు ఆయిలును లెక్కలోనికి తీసికొనకపోవుట దీనికి హేతువు. మలుపులలోను, బ్రేకు వేసినపుడును మాత్రమే దీపము మిణుకుమన్నచో, తొట్టిలో ఆయిలు ఒక ప్రక్కకు ఒరిగి పంపు గాలి పీల్చుచున్నదని ఊహింపవచ్చును. దీనికి విపర్యయమును కలదు. గుర్తునకు మించి చాల ఎక్కువగా పోసినపుడు తిరుగు క్రాంకు షాఫ్టు ఆయిలును కవ్వమువలె చిలుకును. నురుగెత్తిన ఆయిలును పంపు నెట్టజాలదు. నిండుకుండ యుండియు పీడనము పడిపోవును. “ఎక్కువ పోసితిమి, మంచిదే గదా” అను మాట చెల్లదు.

పుల్లమీద ఆయిలు తక్కువైనచో, అది ఎచ్చటికి పోయినదో చూడవలెను. ఇక్కడనే రబ్బరు రింగు కథ కారులోనికి వచ్చును. పాత డబ్బా ఫిల్టరు విప్పునపుడు దాని రింగు ఒక్కొక్కప్పుడు ఇంజను ముఖమునకే అంటుకొని ఉండిపోవును. చూడక క్రొత్త ఫిల్టరు బిగించినచో రింగు మీద రింగు పడును. నిలకడగా తిరుగునపుడు అది ఆగియుండును. వర్క్‌షాపువాడు చూచినంతసేపు చుక్క కారదు. రహదారిమీద పీడనము పెరిగినంతనే పై రింగు ప్రక్కకు జారి, ఆయిలు ధారగా పోవును. మయామీలో రింగు లేకపోవుట ముప్పు తెచ్చినది, ఇక్కడ రెండుండుట తెచ్చును. డబ్బా లేక కాగితపు గుండు మాత్రము మార్చు రకపు ఫిల్టర్లలో మరియొక చిక్కు కలదు. వాటి మూతకు పెద్ద రింగే కాక, కొన్నింటిలో నడిమి కాడకు చిన్న రింగు కూడ ఉండును. ఆ చిన్నది మరచినచో బయటకు చుక్క కారదు. ఆయిలు లోలోపలనే అడ్డదారి పట్టి తొట్టికి తిరిగిపోవును. పుల్లమీద ఆయిలు నిండుగానే యుండును, పీడనము మాత్రముండదు.

ఆయిలు మార్చిన వెంటనే మొదటిసారి ఇంజను నడిపినపుడు దీపము కొద్ది క్షణములు ఎక్కువ వెలుగుట మాత్రము దోషము కాదు. ఖాళీ ఫిల్టరు నిండవలెను గదా. అయితే ప్రతి ఉదయము అట్లే ఆలస్యమగుచు, ఇంజను పైభాగమున టకటక ధ్వని వినబడుచున్నచో, రాత్రి ఫిల్టరులోని ఆయిలు వెనుకకు దిగిపోకుండ ఆపు రబ్బరు వాల్వు సరిగాలేదనుకొనవలెను. ఫిల్టరు కొలత సరిపోయినంత మాత్రమున గుణము సరిపోదు. పైకి ఒకే ఆకారముననుండు డబ్బాల లోపలి వాల్వులు వేరు వేరు. నకిలీ సరుకు సంగతి చెప్పనే అక్కరలేదు. కశ్మీరీ గేటు మొదలు కరోల్‌బాగు వరకు ఏ అంగడిలో కొన్నను రసీదు తీసికొని, పాత డబ్బాతో పోల్చి చూచుకొనుట మేలు.

పుల్లయు సరిగా ఉన్నది, ఎచ్చటను కారుట లేదు; అయినను ముల్లు దిగినది. అప్పుడు బిల్లు చదువవలెను. ఏ గ్రేడు ఆయిలు పోసిరి? ఢిల్లీ మిస్త్రీలు ప్రతి ఇంజను ఆయిలును “మొబిల్” అనియే పిలుతురు. పేరొకటైనను ద్రవ్యమొకటి కాదు. డబ్బామీద 20డబ్ల్యు-50 అనియో, 5డబ్ల్యు-30 అనియో, 0డబ్ల్యు-20 అనియో ఉండును. మొదటి అంకెయు, చలికాలమును సూచించు డబ్ల్యు అక్షరమును చల్లని ఇంజను ప్రారంభమునకు సంబంధించినవి. రెండవ అంకె నూరు డిగ్రీల వేడిలో చిక్కదనమును తెలుపును. ఎస్.ఎ.ఇ. ప్రమాణము ప్రకారము ఆ వేడిలో 50 గ్రేడు ఆయిలు 16.3 సెంటిస్టోక్సుకు తగ్గరాదు. 20 గ్రేడు ఆయిలు 6.9 మొదలు 9.3 లోపల ఉండవలెను. అనగా ఒకటి రెండవదానికి ఇంచుమించు రెట్టింపు చిక్కన. 50 కొరకు నిర్మించిన పాత ఇంజనులో 20 పోసినచో, వేడెక్కిన పిమ్మట దీపము మిణుకుమనుట వింత కాదు. ఏ ఆయిలైనను వేడికి పలుచబడును. 20డబ్ల్యు-50 ఆయిలు నలువది డిగ్రీల వద్దనున్న చిక్కదనములో ఎనిమిదవ వంతు మాత్రమే నూరు డిగ్రీల వద్ద మిగులును. జ్యేష్ఠమాసపు మిట్టమధ్యాహ్నము ధౌలాకువా కూడలిలో అరగంట చిక్కుపడిన ఇంజనులోనిది ఇట్టి ఆయిలే. ఉదయము చల్లని ఇంజనులో పీడనము బాగుగ ఉండి, మధ్యాహ్నము నిలకడలో మాత్రమే తగ్గుటకు ఇదియే కారణము.

సర్వీసులో అదనముగా అంటగట్టు “ఇంజను ఫ్లష్” అను ద్రావకము విషయమునను జాగరూకత వలెను. ఏండ్ల తరబడి మడ్డిపట్టిన ఇంజనులో దానిని పోసి త్రిప్పినపుడు గోడలనంటిన మడ్డి పెచ్చులుగా ఊడి, పంపు ముందరి జల్లెడకు అడ్డుపడవచ్చును. అప్పుడు వేగము పెంచినకొలది పీడనము పెరుగుటకు బదులు తగ్గును. పంపునకు ఆయిలు అందదు. అట్టి రేణువే పీడనము మితిమీరకుండ కాపాడు రిలీఫ్ వాల్వులో చిక్కుకొన్నచో, ఆ వాల్వు తెరచుకొనియే ఉండిపోయి, ఆయిలును తిరిగి తొట్టిలోనికి పంపును.

కొన్ని సందర్భములలో సర్వీసు దోషి కాదు, సాక్షి మాత్రమే. బేరింగులు అరిగిన బండిలో పాత ఆయిలు మసితో చిక్కబడి, అరుగుదలను కప్పిపుచ్చుచుండును. సరియైన గ్రేడు క్రొత్త ఆయిలు పోసినంతనే తెర తొలగును. బండి యజమానికి మాత్రము మిస్త్రీయే ఇంజనును పాడుచేసినట్లు తోచును. ఇట్టి తగవులలో సత్యము తెలియవలెనన్న అందరు కలిసి చేయవలసిన పరీక్ష ఒకటి కలదు.

దానికి ముందు తీగెను గూర్చి. స్విచ్చికి ఒకే తీగె గల పాత పద్ధతి బండ్లలో, ఇంజను ఆపి తాళము మాత్రము త్రిప్పియుంచి, ఆ తీగెను ఊడదీసినచో దీపము ఆరవలెను. ఆరనిచో తీగె ఎచ్చటనో బండి లోహమునకు తగులుచున్నది. ఆరినచో తీగె మంచిది. దోషము స్విచ్చిలోనో, నిజముగా పీడనములోనో ఉన్నది. ఇంతవరకే ఈ పరీక్ష చెప్పగలదు. దీపమారినది గదాయని తీగెను అట్లే వదలి ప్రయాణము సాగించుట జ్వరము తగ్గవలెనని ఉష్ణమాపకమును చన్నీటిలో ముంచుట వంటిది. ముల్లు గేజికి సంకేతము పంపు పరికరమును క్రొత్తగా బిగించునపుడు మరలకు తెల్లటేపు మితిమీరి చుట్టినచో, దానికి లోహస్పర్శ చాలక గేజి తప్పుచూపును. క్రొత్త బండ్లలో కంప్యూటరు నడుమనుండుటచే వాటి పద్ధతి వేరు. ఆ పుస్తకము చూడక తీగె తీయరాదు.

అసలు పరీక్ష యంత్రపు గేజితో. ఆ స్విచ్చిని విప్పి, అదే రంధ్రములో గొట్టముగల గేజిని బిగించి, ఇంజనును పూర్తిగా వేడెక్కనిచ్చి, నిలకడలో ఒకసారియు, నిమిషమునకు 2000 లేక 3000 చుట్ల వద్ద ఒకసారియు చూచి, పుస్తకములోని అంకెలతో పోల్చవలెను. ముంగేశ్‌పురమున వాతావరణ శాఖవారు చేసినదిదియే. దీపము వెలుగుచుండగా ఈ గేజి సరియైన పీడనము చూపినచో, కొన్ని రూపాయల స్విచ్చి మార్చి నిశ్చింతగా ఉండవచ్చును. రెండును తక్కువయే చూపినచో స్విచ్చిలు మార్చుట కాలక్షేపము. ఫిల్టరు, గ్రేడు, వాల్వు, జల్లెడ, పంపు, బేరింగులు అను వరుసలో, సులువైనదానినుండి కష్టమైనదానికి పోవలెను. నిలకడలో మాత్రమే తక్కువై వేగములో కోలుకొన్నచో అరుగుదలనో, పలుచదనమునో అనుమానింపవలెను. ఈ పరీక్ష పట్టునది అరగంట. అయినను దీనిని చేయక, చిక్కని ఆయిలు పోసి ముల్లును లేపి పంపు మిస్త్రీలు ప్రతి నగరములోను ఉన్నారు. ముల్లు లేచును, నిజమే. పుండొకచోట, మందొకచోట.

స్టాఫ్ కారు డ్రైవర్లకు లాగ్‌బుక్కు వ్రాయు అలవాటున్నది. సొంత బండివారికి ఆ అలవాటు లేదు. బండి ఆరోగ్యముగా ఉన్ననాడే ఒకసారి యంత్రపు గేజితో వేడి ఇంజను అంకెలు తీసి, తేదీతో సర్వీసు పుస్తకము చివరి పుటలో వ్రాసిపెట్టుకొన్నచో, తగవు వచ్చిననాడు పోల్చుటకు ఆధారముండును. సర్వీసు ముగిసిన పిమ్మట వర్క్‌షాపులోనే ఇంజనును అయిదారు నిమిషములు నడిపించి, మధ్యమధ్య వేగము పెంచి, క్రింద అట్ట పరచి చూచి, ఆపి, పుల్ల ముంచి, అప్పుడు డబ్బు చెల్లించుటలో మొగమాటమక్కరలేదు. మయామీలో అంతసేపు త్రిప్పి చూచియున్నచో ఆ విమానము నేలనుండి లేచెడిది కాదు.

పల్వల్ సమీపమున కారులోనివారి సంగతి మిగిలినది. ఆఫీసరుగారు తీగె వదులని చెప్పినను, అత్తగారు ఊరుకొనలేదు. “తీగయితే తీగే అయింది నాయనా, బండి ఆపి చూస్తే పోయేదేముంది?” అన్నది. ఆ మాట తీసివేయలేక ఆయన కారు అంచునకు తీసి, ఇంజను ఆపినాడు. దీపము తొలిసారి వెలిగినది మొదలు ఆపువరకు నిమిషమైనను కాలేదు. పది నిమిషములకు పుల్ల తీసి చూడగా కొన మాత్రము తడిసినది. క్రింద వంగి చూడగా ఫిల్టరు చుట్టును, దాని వెనుకయు నల్లగా మెరయుచున్నది. మట్టిమీద అరచేయి వెడల్పున మరక.

పల్వల్‌నుండి వచ్చిన మిస్త్రీ డబ్బా విప్పి, ఇంజను ముఖమున అంటియున్న పాత రింగును గోటితో పెకలించి ఆయన చేతిలో పెట్టినాడు. ముఖము తుడిచి, క్రొత్త ఫిల్టరు రింగునకు ఆయిలు రాచి, బిగించి, పుల్ల చూచుచు మూడు లీటర్లు పోసినాడు. ఇంజను నడుపగా నాలుగైదు క్షణములకు దీపమారినది. కొట్టుకొను ధ్వని ఏదియు వినబడలేదు. అయినను ఆఫీసరుగారు అంతతో బయలుదేరలేదు. పల్వల్‌లో ఆ మిస్త్రీ దుకాణమునకు మెల్లగా బండి నడిపించి, యంత్రపు గేజి తగిలింపుమని కోరినాడు. ఇంజను వేడెక్కిన పిమ్మట నిలకడలో ముల్లు ఒక బార్‌కు కొంచెము పైన నిలిచినది. వేగము పెంచగా మూడు దాటినది. పుస్తకము తెరచి అంకెలు సరిచూచి, సర్వీసు పుస్తకము చివరి పుటలో తేదీతోసహా వ్రాసికొన్నాడు. రెండు రింగులును కాగితములో చుట్టి, వర్క్‌షాపువారికి చూపుటకై జేబులో వేసికొన్నాడు. పులిహోర పొట్లములు విప్పునప్పటికి ఎనిమిదిన్నర దాటినది.